జూబ్లీ హిల్స్‌లో మా ఎర్రగడ్డ గోడ

2023 జూన్ 12, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు ఇది మొదలైంది. సమయాన్ని ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం ఆ ఇంటి గేటు దగ్గరి పుస్తకం. కాపలాదారు దాన్ని నా ముందు పెట్టి రాయమన్నాడు. పేరు, సమయం, ఎక్కడి నుంచి, ఎందుకోసం అని నాలుగు గడులున్నాయి. 'ఎందుకోసం' అన్న గడిలో నాకంటే ముందు వచ్చినవారు 'పాలు', 'ఏసీ రిపేరు', 'షూటింగ్' అని రాశారు. నేను 'చిత్రకారుల ఆవాస కార్యక్రమంలో పాల్గొనుటకు' అని రాశాను. గడి సరిపోక అక్షరాలు కిందికి దిగాయి. నా వెనక నిలబడిన కొరియర్ మనిషి తాను ఎక్కడ రాయాలో తెలియక ఆ పేజీని కాసేపు చూశాడు.

ఈ ఆవాస కార్యక్రమం, అంటే రెసిడెన్సీ, ఏమిటో మా ఇంట్లో వివరించడానికి నాకు రెండు వారాలు పట్టింది. నలుగురు చిత్రకారులకు రెండు నెలల పాటు ఒక ఇల్లు, భోజనం, పని చేసుకునే చోటు ఇస్తారు. చివరి శనివారం అందరికీ తలుపులు తెరుస్తారు. ముగ్గురు న్యాయనిర్ణేతలు వచ్చి చూసి, నలుగురిలో ఒకరికి ఏడాది పాటు సొంత స్టూడియో ఇస్తారు. "పని ఏం చెయ్యాలె?" అని నాన్న అడిగాడు. ఏది కావాలంటే అది చేయవచ్చునని చెప్పాను. ఆయన ఎర్రగడ్డ మార్కెట్లో ఉల్లిగడ్డ బస్తాలు దించే మనిషి. ఏది కావాలంటే అది చేయమనే పని ఆయనకు అంతవరకు ఎదురుపడలేదు. "మోసం గిట్ల లేదు గదా," అని మాత్రం అన్నాడు.

మిగతా ముగ్గురూ కేరళ నుంచి, బెంగాల్ నుంచి, గుజరాత్ నుంచి విమానాల్లో వచ్చారు. నేను ఎర్రగడ్డ నుంచి అమీర్‌పేటలో మెట్రో మారి వచ్చాను. దరఖాస్తులో 'స్వస్థలానికి దూరంగా ఉండటం మీ కళకు ఎలా తోడ్పడుతుంది?' అనే ప్రశ్న ఉండేది. దానికి నేను ఒక పుట జవాబు రాశాను. దూరం ఎంతో అడగలేదు కనుక అది రాయలేదు.

నేను ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరును. రెండు కొండల నడుమ ఉదయించే సూర్యుణ్ణి ఏడాదికి నాలుగు వందల సార్లు దిద్దుతాను. కరస్పాండెంటు రెండు నెలల సెలవు ఇచ్చి, ఆగస్టు ఏడో తేదీ ఉదయం ప్రార్థనకు రాకపోతే వేరొకరిని చూసుకుంటామని రాతపూర్వకంగా తెలియజేశారు. కాబట్టి విషయం చాలా తేటగా ఉంది. ఆ స్టూడియో నాకు వస్తే ఏడాది పాటు నా బొమ్మలు నేను వేసుకుంటాను. రాకపోతే ఏడో తేదీన సూర్యుణ్ణి దిద్దుతాను.

మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేనే. అందువల్ల మా గల్లీలో అందరి దరఖాస్తులూ నా దగ్గరికే వస్తాయి. నాన్నకు సంతకం వచ్చు, చదవడం రాదు. సంతకం పెట్టే ముందు కాగితం మొత్తం నా చేత చదివించుకుంటాడు. విన్నాక, "ఇది నిజమేనా?" అని అడుగుతాడు. నా కాలేజీ కోసం ఆదాయ ధ్రువపత్రం తీసుకున్నప్పుడు కూడా అలాగే అడిగాడు. ఆ పత్రంలో వాస్తవానికి ఆయన సంపాదన కంటే ఎక్కువే ఉంది. అది దిద్దించే దాకా సంతకం పెట్టలేదు. దానివల్ల నాకు ఆ ఏడాది ప్రవేశం పదిహేను రోజులు ఆలస్యమైంది.

ఇల్లు జూబ్లీ హిల్స్‌లో, ఫిల్మ్ నగర్ వైపు దిగే వాలులో ఉండేది. రెండంతస్తులు. యజమానురాలు బంజారా హిల్స్‌లో కూతురి దగ్గర ఉంటూ, ఈ ఇంటిని ఏడాదిలో ఎక్కువ రోజులు షూటింగులకు ఇచ్చేవారు. వానాకాలంలో పై అంతస్తును, కింద భోజనాల గదిని మా కార్యక్రమానికి ఇచ్చారు. మాతో ఆమె పెట్టుకున్న ఒప్పందం ఒకటే. "మీరేం చేసుకున్నా సరేనండీ, వెళ్లేటప్పుడు గోడలు తెల్లగా ఉండాలి," అన్నారు. షూటింగులవారితో కూడా అదే ఒప్పందమని తర్వాత తెలిసింది.

పైగదులకు చెక్క తాపడం ఉంది. నాకు ఖాళీ గోడ కావాలని అడిగాను. మా కార్యక్రమ నిర్వాహకురాలు విజయవాడ వైపు ఆవిడ, ఎవరికీ కాదని చెప్పలేని మనిషి. భోజనాల గదిలో పదకొండు అడుగుల గోడ నాకు ఇప్పించారు.

ఆ గోడ మీద నేను మరో గోడను గీయాలనుకున్నాను. ఎర్రగడ్డలో మేము ఇరవై రెండేళ్లు కిరాయికి ఉన్న ఇంటి ముందు గది గోడ అది. కొత్తగా కట్టడం కోసం ఇంటాయన అంతకు ముందు ఏడాది దాన్ని కూలగొట్టించాడు. మేము రెండు గల్లీల అవతలికి మారాము. కూల్చే ముందు ఫోటో తీయాలని ఎవరికీ తోచలేదు. మా అక్క పెళ్లి ఫోటో ఒకదానిలో కొంచెం, నా చిన్నప్పటి బడి దుస్తుల ఫోటోలో నా వెనక కొంచెం ఆ గోడ కనిపిస్తుంది. మిగతాది జ్ఞాపకం నుంచి గీశాను. అసలు కొలతలోనే గీశాను. స్విచ్ బోర్డు చుట్టూ వేళ్ల మరకలు, కిటికీ కింద తడి దిగిన గుర్తు, క్యాలెండరు తీసేసిన చోట మిగిలిన తెల్లని చతురస్రం, దాని మీద మేకు. కుడివైపు కింద, సాయంత్రం పని నుంచి వచ్చి నాన్న నేల మీద కూర్చుని తల ఆనించే చోట ఏర్పడిన నూనె మరక. అన్నీ పెన్సిల్‌తోనే. జూన్ 17 నుంచి జూలై 27 వరకు నలభై ఒక్క రోజులు పట్టింది. నూనె మరక ఒక్కదానికే ఆరు రోజులు పట్టింది.

జూలై 28 నుంచి మూడు రోజులు కింది హాలు షూటింగుకు ఇచ్చామని నిర్వాహకురాలు ముందే చెప్పారు. "మీ గది జోలికి ఎవరూ రారండీ, నేను మేనేజర్‌కి క్లియర్‌గా చెప్పాను," అన్నారు. ఆవిడ చెప్పిన మాట నిజమే. ఆ మేనేజరు 27వ తేదీ సాయంత్రం మరో సినిమాకు మారిపోయాడన్నది మాత్రం ఆవిడకు తెలియదు.

నా వంతు జాగ్రత్తగా నేను ఒక నోటీసు రాసి గోడకు అంటించాను. తెల్ల కాగితం మీద స్కేలుతో గీతలు కొట్టి, గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాను: 'గమనిక. ఈ గోడపై పని పురోగతిలో ఉన్నందున దీనిని తాకుట, తుడుచుట, రంగు వేయుట నిషేధింపబడినది. ఇట్లు, ఆవాస చిత్రకారిణి.' కింద తేదీ వేశాను. ముద్ర లేని లోటు కనిపించింది కానీ, నా దగ్గర ముద్ర లేదు.

ఆ మూడు రోజులూ మేము వెనక మెట్ల మీదుగా రాకపోకలు సాగించాము. హాలు వైపు తాడు కట్టారు. కేరళ నుంచి వచ్చిన చిత్రకారిణి రేకుల మీద పడే వాన చప్పుడును రికార్డు చేస్తూ ఉండేది. ప్రతి రికార్డులోనూ కింద నుంచి ఎవరో సైలెన్స్ అని అరిచిన అరుపు పడింది. ఆమె మొదట బాధపడింది. తర్వాత దాన్ని అలాగే ఉంచేసింది.

జూలై 31, సోమవారం ఉదయం తాడు తీసేశారు. నేను దిగి వెళ్లాను. భోజనాల గది చాలా వెలుతురుగా ఉంది. గోడ పై అంచు నుంచి కింది అంచు వరకు ఒక్క గీత లేకుండా తెల్లగా ఉంది. కొత్త రంగు వాసన వచ్చింది. నా పెన్సిళ్ల డబ్బాను ఎవరో తుడిచి, మూత పెట్టి, కిటికీ మీద ఉంచారు.

నిర్వాహకురాలు ఒక గంట సేపు ఫోన్లు చేశారు. మధ్యాహ్నానికి ఆ యూనిట్ ఆర్ట్ డిపార్ట్‌మెంటులో రంగులు వేసే పెద్దాయన ఫిల్మ్ నగర్ నుంచి స్కూటర్ మీద వచ్చాడు. యాభై దాటిన మనిషి. గోరు సందుల్లో తెల్లరంగు ఇంకా ఉంది. ఆయన గోడను, నన్ను మార్చి మార్చి చూశాడు.

"అది మీరు చేసిందా మేడం?" అన్నాడు. అవునన్నాను.

"నేనేమనుకున్న అంటే, ముందటి యూనిటోళ్లు సెట్టు చేసి, కడగకుంట పోయిన్రు అనుకున్న. షూటింగ్ ఇల్లు గద. ఎవడు ఖరాబు చేసినా ఆఖరుకు ఉన్నోడు తెలుపు కొట్టి పోవాలె. మాకు అదే కాయిదా, రూలు. బుద్ధి లేనోళ్లు అని తిట్టుకుంటనే కొట్టిన. రెండు కోటింగులు కొట్టిన."

"నోటీసు చూడలేదా?"

"చూసిన. మస్తుగ ఉండె. తాసిల్దార్ ఆఫీసు సీనుకు పెట్టిన కాయిదం అనుకున్న." ఆయన తల అడ్డంగా ఊపి, "పారెయ్యలే మేడం. ఫైలుల పెట్టిన. గసుంటిది మళ్ల దొరకది," అన్నాడు.

ఆయనకు ఇంకా ఏదో చెప్పాలనిపించినట్టుంది. "తిట్టుకున్న గానీ, చేసినోనిది పాత చెయ్యి అనుకున్న మేడం. ఇరవై, ముప్పై సినిమాలు చేసినోడు అనుకున్న," అన్నాడు. ఆరేళ్ల నా చదువులో నా పనిని ఎవరూ అంతగా మెచ్చుకోలేదు. మెచ్చుకున్న మనిషే దాన్ని చెరిపేశాడు కాబట్టి ధన్యవాదాలు చెప్పడం సబబా కాదా అని ఆలోచించాను. చెప్పాను.

మర్నాడు మంగళవారం నేను మళ్లీ మొదలుపెట్టాను. సాయంత్రానికి స్విచ్ బోర్డు పైన జానెడు జాగా పూర్తయింది. శనివారానికి నాలుగు రోజులున్నాయి. ఆ లెక్కన గోడ మొత్తానికి ఎన్ని రోజులు పడతాయో నేను లెక్కవేయలేదు. పక్కన కూర్చున్న గుజరాత్ చిత్రకారుడు వేసి చెప్పాడు.

బుధవారం ఉదయం ఆ పెద్దాయన మళ్లీ వచ్చాడు, ఒక సంచి నిండా సామానుతో. షూటింగ్ ఇంట్లో దేన్నైనా ముట్టుకునే ముందు ఫోటోలు తీయడం వాళ్ల పద్ధతి. కుర్చీ జరిపినా, మేకు పీకినా సరే, పని అయ్యాక ఉన్నదున్నట్టు ఉంచాలి. ఎవరి పనో తెలియకపోయినా, నా గోడను కూడా ముక్కలు ముక్కలుగా ముప్పై ఎనిమిది ఫోటోలు తీసి పెట్టుకున్నాడు. నూనె మరక ఒక్కదానికే నాలుగు ఉన్నాయి.

"ఉన్నదున్నట్టు పెడత. రేపటికి అయిపోతది," అన్నాడు.

నేను వద్దని అనలేదు. అది నా చేత్తో చేసిన పని కాకుండా పోతుందన్న సంగతి నాకు అప్పుడే తెలుసు. శనివారం కూడా తెలుసు.

సంచిలోంచి టీ డికాక్షన్ సీసా, ఇటుక పొడి, దీపం మసి, స్పాంజి, నీళ్లు చిమ్మే సీసా, కొబ్బరినూనె డబ్బా తీశాడు. గోడను దూరం నుంచి చూసి, చేత్తో గాలిలో రెండు అడ్డగీతలు గీశాడు. "దీనికి మీద మసి. దీనికి కింద తడి. నడుమ మనుషులు. మనుషుల చెయ్యి ఇంతకంటే పైకి పోది," అన్నాడు. నలభై ఒక్క రోజుల్లో నేను ఇంచుమించు అదే గీశాను కానీ, అలా చెప్పగలిగేదాన్ని కాదు. తడి గుర్తును ఆయన నిజంగా నీళ్లతోనే చేశాడు. పైనుంచి డికాక్షన్ పోసి, దాన్ని దిగనిచ్చి, మధ్యలో టీ తాగాడు.

నూనె మరక దగ్గరికి వచ్చేసరికి ఫోటోను పెద్దది చేసి చూశాడు. ఇది దేనితో వేశారని అడిగాడు. పెన్సిల్‌తో అని, ఆరు రోజులు పట్టిందని చెప్పాను.

రోగం ముదిరాక వచ్చిన రోగిని చూసినట్టు చూశాడు. "ఆరు దినాలు పెన్సిల్ తోని నూనె మరక గీసిన్రా? నూనె దొరకలేదా బిడ్డా?"

అప్పటి నుంచి మేడం అనడం మానేశాడు. కొబ్బరినూనెను దోసిట్లో పోసుకుని తన తలకు బాగా పట్టించుకున్నాడు. నాన్న కాళ్లు చాపుకుని కూర్చుంటాడా, మఠం వేసుకుని కూర్చుంటాడా అని అడిగాడు. చాపుకుని అన్నాను. ఆయన కాళ్లు చాపుకుని కూర్చుని, గోడకు తల ఆనించి, గంటసేపు అక్కడే ఉన్నాడు. మధ్యమధ్య తలను కొంచెం అటూ ఇటూ ఆడించాడు. ఆ గంటలో ఎన్ని సినిమాల్లో ఎన్ని ఇళ్లకు వయసు తెచ్చాడో చెప్పాడు. తెర మీద మీ పేరు పడదా అని అడిగాను. "గోడకు పేరెందుకు?" అన్నాడు. లేచాక చూస్తే, నేను ఆరు రోజుల్లో గీసిన మరక కంటే అది బాగుంది. బాగుందని చెప్పాను. "నూనె గద," అన్నాడు.

గురువారం మధ్యాహ్నానికి అంతా పూర్తయింది. అయినా ఆయన సంచి సర్దలేదు. క్యాలెండరు చతురస్రం ముందు నిలబడి ఉన్నాడు. తర్వాత మేకుకు ఒక పాత క్యాలెండరు తగిలించి, చేత్తో అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టాడు. అడుగున ఉన్న రేకు గోడకు రాసుకుని, నెలవంక లాంటి సన్నని గీత పడింది. అది ఫోటోలో లేదని చెప్పాను.

"లేదు. మీరు మర్చిపోయిన్రు. ఫ్యాను ఉన్న ఇల్లే గద? ఫ్యాను ఉంటే ఇది ఉంటది."

మా ఇంట్లో లేదని నేను అన్నాను. ఇరవై రెండేళ్లు ఆ గోడను చూసిన దాన్ని నేనని కూడా అన్నాను. ఆయన వాదించలేదు. వద్దంటే తుడిచేస్తానని స్పాంజి తీసుకున్నాడు. ఒక్క నిమిషం ఆగమని చెప్పి అమ్మకు ఫోన్ చేశాను.

"ఎందుకు లేదే?" అంది అమ్మ. "నువ్వు తొమ్మిదిల ఉన్నప్పుడు, చదువుకుంటుంటే టకటక సప్పుడైతుందని దానికి కింద దారం కట్టినవు గదా. నువ్వే కట్టినవు. గీత మాత్రం ఇల్లు కూలగొట్టేదాంక ఉండె. ఇప్పుడెందుకు అడుగుతున్నవ్, అన్నం తిన్నవా?"

తిన్నానని చెప్పి ఫోన్ పెట్టేశాను. తుడవద్దని ఆయనకు చెప్పాను. "ఉండెనా?" అన్నాడు. ఉండేదన్నాను. ఆయన క్యాలెండరును మరో యాభై సార్లు ఊపి, సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

శుక్రవారం ఉదయం నిర్వాహకురాలు నలుగురికీ ఒక కాగితం ఇచ్చారు. స్టూడియో కోసం పరిశీలించాలంటే దాని మీద సంతకం చేయాలి. అందులో రెండు వాక్యాలే ఉన్నాయి. రెండో వాక్యం ఇది: 'ఈ కృతి పూర్తిగా నా స్వహస్తాలతో రూపొందించబడినదని ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాను.' మిగతా ముగ్గురూ నిలబడే సంతకాలు పెట్టారు. మా ఇంటికి దరఖాస్తులు తెచ్చే వాళ్లకు చెప్పినట్టే, నేను పూర్తిగా చదివి పెడతానని చెప్పాను. పూర్తిగా చదవడానికి అర నిమిషం పట్టింది. తర్వాత మధ్యాహ్నం దాకా దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను.

నిర్వాహకురాలు నా పక్కన వచ్చి కూర్చున్నారు. "ఎందుకండీ ఇంత టెన్షను? ఐడియా మీది, డ్రాయింగ్ మీది. ఆయన మీ గోడ ఫోటోలు చూసే కదా చేశాడు. పెద్ద పెద్ద ఆర్టిస్టులంతా అసిస్టెంట్లతోనే చేయిస్తారండీ. పైగా పాడుచేసింది వాళ్లే. సైన్ చేసేయండి."

ఆవిడ అన్నదాంట్లో నాకు ఏ తప్పూ కనిపించలేదు. ఆ వాక్యాన్ని కొంచెం మార్చవచ్చా అని అడిగాను. విరాళమిచ్చే వారి దగ్గర నుంచి వచ్చిన కాగితం, అక్షరం మార్చడానికి వీల్లేదన్నారు. మార్చకుండా దాన్ని నాన్నకు చదివి వినిపిస్తే ఆయన ఏమడుగుతాడో నాకు తెలుసు. ఆయన అడిగే దాకా ఉండటం అనవసరం అనిపించింది.

స్కేలు పెట్టి రెండో వాక్యాన్ని కొట్టేశాను. వెనక వైపు ఇలా రాశాను: 'ఈ గోడను నేను నలభై ఒక్క రోజులు పెన్సిల్‌తో గీసితిని. అది ఇప్పుడు లేదు. మీరు చూచునది ఫిల్మ్ నగర్‌కు చెందిన సెట్టు రంగుల పనివారు ఒకరు ఒకటిన్నర రోజులో చేసినది. స్విచ్ బోర్డు పైన జానెడు జాగా మాత్రము నాది. నూనె మరక ఆయన తలది. క్యాలెండరు గీత నేను మరచినది, ఆయన గుర్తుచేసినది.' కింద సంతకం చేశాను. అదే పాఠాన్ని మరో కాగితం మీద రాసి, గోడ పక్కన అంటించాను.

శనివారం, ఆగస్టు 5. న్యాయనిర్ణేతలు పదకొండింటికి వచ్చారు. నా గోడ దగ్గర చాలాసేపు ఉన్నారు. వారిలో పెద్దాయన నా కాగితాన్ని రెండుసార్లు చదివి, ఈ కల్పిత పాత్ర అద్భుతంగా ఉందన్నారు. కల్పితం కాదని చెప్పాను. అలా చెప్పడం కూడా కృతిలో భాగమేనా అని రెండో ఆవిడ అడిగారు. కాదని చెప్పాను. ఆవిడ దాన్ని కూడా రాసుకున్నారు.

ఇంతలో ఆ కల్పిత పాత్ర ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని లోపలికి వచ్చాడు. నేనే రమ్మన్నాను. ఒకరి శ్రమను మీరే చెరిపి, మీరే తిరిగి నిలబెట్టారు కదా, ఆ అనుభవం ఎలా ఉందని మూడో న్యాయనిర్ణేత ఇంగ్లీషులో అడిగారు. నిర్వాహకురాలు తెలుగులో చెప్పారు. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మళ్ల తెలుపు కొట్టాలంటే చెప్పుండ్రి సార్," అన్నాడు. "గంట పని."

వాళ్లు పైకి వెళ్లాక అమ్మానాన్నలు వచ్చారు. అమ్మ నేరుగా గోడ దగ్గరికి వెళ్లి, స్విచ్ బోర్డు చోట వేలు పెట్టి చూసింది. బొమ్మ అని తెలిశాక, "మన ఇంట్ల ఇంత మాసిపోయి ఉండెనా?" అని చిన్నబోయింది. నాన్న పొద్దున రెండు లారీలు దించి వచ్చాడు. ఆ గదిలో కుర్చీ లేదు. కాసేపు చూసి, కుడివైపు మూలకు వెళ్లి, కాళ్లు చాపుకుని కూర్చుని, తల వెనక్కి ఆనించాడు.

ప్రదర్శన చూసుకునే అబ్బాయిలు వచ్చి, కళాకృతిని తాకరాదని మర్యాదగా చెప్పారు. నాన్న లేవబోయాడు.

"కూసోనియ్యుండ్రి," అన్నాడు రంగుల పెద్దాయన. "ఇంక మంచిగైతది."

నాన్న లేచాక చూస్తే, ఆయన తల ఆనించిన చోటు మరకకు రెండంగుళాల కింద ఉంది. రంగుల పెద్దాయన నాన్న కంటే పొడుగు. ఆ తేడా కొలవాలని మా ఇద్దరికీ తట్టలేదు. "అడగకపోతిని," అని ఆయన నొచ్చుకున్నాడు. నాన్న ఆయన్ని, మరకను, మళ్లీ ఆయన్ని చూసి, "నీదా?" అన్నాడు. ఆయన తల ఊపాడు. ఇద్దరూ బయటికి వెళ్లి టీ తాగారు.

సాయంత్రం నిర్ణయం చెప్పారు. ధ్రువీకరణ పత్రం అసంపూర్ణంగా ఉన్నందున నా పనిని పరిశీలనలోకి తీసుకోలేదు. స్టూడియో కేరళ చిత్రకారిణికి ఇచ్చారు. ఆమె వాన చప్పుడు నిజంగా బాగుంది. సైలెన్స్ అన్న అరుపు దగ్గర అందరూ కదలకుండా నిలబడ్డారు. నేను ఇది ఫిర్యాదుగా రాయడం లేదు.

ఆదివారం గోడకు తెలుపు కొట్టాలి. నేనే కొడతానని బకెట్ తెచ్చుకున్నాను. యజమానురాలు వచ్చి చూసి, ఉంచేయమన్నారు. మరో షూటింగ్ మేనేజరు ఆ ముందు రోజు ఆ గదిని చూసి వెళ్లాడట. "పాత గోడ రెడీగా ఉన్న కొత్త ఇల్లు ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదన్నాడండీ," అన్నారు ఆవిడ. తెచ్చుకున్న బకెట్ వాపసు ఇచ్చాను. వెళ్లేటప్పుడు గేటు పుస్తకంలో సమయం రాశాను. మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు.

ఆ గోడ ఇంతవరకు రెండు సినిమాల్లో, ఒక సీరియల్‌లో కనిపించింది. ఇప్పుడు షూటింగ్ ముగించి వెళ్లేవారు మిగతా గోడలకు తెలుపు కొట్టి, దాన్ని వదిలేసి పోవాలని ఒప్పందంలో రాసుకుంటున్నారట. సీరియల్ వచ్చినప్పుడు అమ్మ చూసి, మన గోడ ముందు ఎవరో అత్తాకోడళ్లు కొట్లాడుకుంటున్నారని ఫోన్ చేసింది. పాత్రల వెనక మరక ఒక్కటే కనిపిస్తుంది. అది నాన్నదో, పెద్దాయనదో దూరం నుంచి తెలియదు.

ఆగస్టు ఏడో తేదీ ఉదయం ప్రార్థనకు నేను బడికి వెళ్లాను. ఇప్పటికీ వెళ్తున్నాను. ఆదివారాలు, సెలవు రోజులు మాత్రం పెద్దాయన వెంట ఫిల్మ్ నగర్‌కు వెళ్లి గోడలకు మరకలు వేస్తున్నాను. దరఖాస్తుల్లో వృత్తి అన్న చోట రెండూ రాస్తున్నాను, గడి సరిపోదు. మరకలకు పెన్సిల్ వాడటం మానేశాను.